బల్ల మీద మూసీ వంతెన... ఊపిరికి, కళ్లకు భద్రంగా!

సెప్టెంబరు 17 దగ్గరపడుతోందంటే పిల్లలున్న ఇళ్లలో ప్రాజెక్టుల హడావుడి మొదలవుతుంది. యుద్ధ సన్నివేశాన్ని బల్ల మీద నమూనాగా కట్టడాన్ని డయోరమా అంటారు. మీ పిల్లలు దాన్ని చేస్తామంటే వద్దనకండి. ఓపిక, చేతివాటం, చరిత్ర అన్నీ ఒకేసారి నేర్పే పని ఇది. కాకపోతే ఏ వస్తువులతో, ఏ గదిలో చేస్తున్నారో మాత్రం గమనించండి.

నల్గొండ వాళ్లు సన్నివేశం కోసం వెతకనక్కర్లేదు. 1948 సెప్టెంబరు 13న విజయవాడ వైపు నుంచి కదిలిన భారత సేన కోదాడ మీదుగా మునగాల చేరింది. సెప్టెంబరు 15న సూర్యాపేట చేతికొచ్చింది. వెనుదిరిగిన నిజాం సైన్యం మూసీ వంతెనను కూల్చేసింది. అయితే దానికి కాపలాగా కాల్పులు జరపలేదు. దాంతో భారత సైనికులు వంతెనను త్వరగానే బాగు చేసుకున్నారు. 1/72 కొలతలో మనిషి బొమ్మ దాదాపు 2.4 సెంటీమీటర్లు ఉంటుంది. చదువుకునే బల్లలో సగం చోటు చాలు.

గుట్టలకు కాగితమే మేలు

థర్మకోల్‌ను వేడి తీగతో కోస్తే ఘాటైన పొగ వస్తుంది. అందులో స్టైరీన్ ఉంటుంది. ఇది కళ్లను, గొంతును మండిస్తుంది. ఆస్తమా ఉన్న పిల్లలకు మరీ ఇబ్బంది. గుడ్డ మాస్కు ఈ ఆవిరిని ఆపలేదు. దానికి బదులు పాత పేపర్లను ఉండలు చుట్టి, నీళ్లు కలిపిన ఫెవికాల్‌తో అతికించండి. ఆరాక బూడిద రంగు వేస్తే మన బండరాళ్లే! ఎర్రమట్టిని కాస్త తడిపి చల్లితే దుమ్ము లేవదు. ఆరబెట్టిన టీ పొడి, కొబ్బరి పీచు గడ్డికి పనికొస్తాయి. ఫెవికాల్‌ను పల్చగా పొరలు పొరలుగా పూసి ఆరనిస్తే నది నీరు సిద్ధం. స్ప్రే రంగుల బదులు నీళ్లలో కలిసే రంగులు వాడండి.

పీవోపీ, సూపర్ గ్లూతో జాగ్రత్త

ప్లాస్టర్ ఆఫ్ పారిస్ గట్టిపడేటప్పుడు బాగా వేడెక్కుతుంది. చేతిని అందులో ముంచి అచ్చు తీయడం ప్రమాదం. చర్మం కాలిపోవచ్చు. పొడిని పెద్దవాళ్లే, ఆరుబయట కలపాలి.

సూపర్ గ్లూ నూలు బట్ట మీద పడితే వేడి పుట్టి కాలుతుంది. వేళ్లు అతుక్కుంటే లాగకండి. గోరువెచ్చని సబ్బు నీళ్లలో నానబెట్టి మెల్లగా విడదీయండి. కంట్లో పడితే గోరువెచ్చని నీళ్లతో కడగండి. రెప్పల్ని బలవంతంగా తెరవకుండా వెంటనే కంటి వైద్యుల దగ్గరికి తీసుకెళ్లండి.

మెడ వంచుకుని గంటలా?

చిన్న బొమ్మలకు రంగులేస్తుంటే పిల్లలు రెప్ప వేయడం కూడా మరచిపోతారు. కళ్లు పొడిబారతాయి, మెడ పట్టేస్తుంది. 20 నిమిషాలకోసారి 20 అడుగుల దూరాన్ని 20 సెకన్లు చూడమనండి. బల్లను కిటికీ పక్కన వేయండి. వాన పడుతోందని తలుపులన్నీ మూయకండి. బ్లేడు పని పెద్దవాళ్లదే. ఇంట్లో పాకే పసివాళ్లుంటే చిన్న బొమ్మలు, జిగురు సీసాలు వాళ్లకు అందనీయకండి.

మరో మాట. ఇంట్లో ఆ రోజులు చూసిన తాతయ్యో, నానమ్మో ఉంటే బల్ల దగ్గర కుర్చీ వేసి కూర్చోబెట్టండి. వంతెన కడుతున్న మనవడికి, పాత సంగతులు చెప్పేందుకు తోడు దొరికిన పెద్దవాళ్లకు... ఇద్దరికీ ఆరోగ్యమే.