ఊర్మిళ లేని లక్ష్మణులు

దిల్‌సుఖ్‌నగర్‌ మెట్రో దిగి చైతన్యపురి, గడ్డిఅన్నారం సందుల్లోకి నడిస్తే స్టడీ హాళ్ల బోర్డులు వరసగా కనిపిస్తాయి. రాత్రీపగలూ తెరిచే ఉంటామన్నదే చాలావాటి గొప్ప. లోపల మనిషికో చెక్క అర, ఒక లైటు, ఒక ఛార్జింగ్‌ పాయింటు. గ్రూప్స్‌, ఎస్సై, డీఎస్సీ నోటిఫికేషన్‌ పడిందంటే అర్ధరాత్రి దాటినా ఆ లైట్లు ఆరవు. నల్లగొండ, పాలమూరు, ఖమ్మం పల్లెల నుంచి వచ్చి హాస్టళ్లలో ఉండే పిల్లలు నైటౌట్‌ కొట్టామని గర్వంగా చెప్పుకుంటారు. కాసేపు పండుకోమంటే, ‘నౌకరి వచ్చినంక పండుకుంట తియ్‌ అన్నా’ అంటారు. ప్రిపరేషన్‌ ఏళ్ల తరబడి సాగేచోట ఇది ప్రమాదకరమైన మాట.

జానపద రామాయణంలో లక్ష్మణుడు పద్నాలుగేళ్లు కన్ను మూయకుండా అన్నావదినెలను కాచాడు. ఆయన వంతు నిద్ర కూడా ఇంటి దగ్గర ఊర్మిళే పోయింది. మన ఆడవాళ్లు పాడుకున్న ‘ఊర్మిళాదేవి నిద్ర’ ఆ కథే. ఒకరు మానేసిన నిద్రను మరొకరైనా పోవలసిందేనని ఆ పాట కట్టినవాళ్లకు తెలుసు. హాస్టల్‌ కుర్రాడికి ఊర్మిళ లేదు. ఆ లెక్క అతని ఒంట్లోనే తేలుతుంది.

మనిషికి పదో తరగతి మెమోలో ఉండే వయసు ఒకటి, కణాల్లో కనిపించే వయసు ఇంకొకటి. డీఎన్‌ఏ మీద 353 చోట్ల ఉండే రసాయన గుర్తులను బట్టి వయసును అంచనా కట్టే పద్ధతిని 2013లో శాస్త్రవేత్త స్టీవ్‌ హోర్వాత్‌ ప్రకటించాడు. అప్పటినుంచి ఒళ్లు ఎంత వేగంగా ముదురుతోందో కొలిచే పరిశోధనలు జోరందుకున్నాయి. నిద్రనూ ఈ కోణంలో చూశారు. పెద్దవయసు వాళ్లకు ఒక్క రాత్రి నిద్ర సగానికి కోసేస్తే చాలు, మర్నాటికి రక్తకణాల్లో డీఎన్‌ఏ దెబ్బతిన్నప్పుడు కనిపించే జన్యు సంకేతాలు పెరిగాయని లాస్‌ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం (యూసీఎల్‌ఏ) పరిశోధకులు చూపించారు.

కుర్రవాళ్ల సంగతీ అంతే. 1999లో షికాగో విశ్వవిద్యాలయంలో ఆరోగ్యంగా ఉన్న 11 మంది యువకులను ఆరు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిచ్చారు. రక్తంలోని చక్కెరను ఒళ్లు సర్దుకునే తీరు మందగించింది. వయసు మీదపడినప్పుడు వచ్చే మార్పుల్లాగే ఉన్నాయని ఆ పరిశోధకులే రాశారు. ఇంటింటా షుగర్‌ మాత్రలున్న మన రాష్ట్రాల్లో ఈ ఫలితాన్ని తేలిగ్గా తీసుకోలేం.

నన్ను మరీ కలవరపెట్టింది 2003 నాటి పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ ప్రయోగం. రెండు వారాలు రోజూ ఆరు గంటలే పడుకున్నవాళ్ల చురుకుదనం, రెండు రాత్రుల దాకా అసలు నిద్రపోని వాళ్ల స్థాయికి దిగజారింది. కానీ వాళ్లకా సంగతి తెలియనే లేదు. కాస్త మగతగా ఉందనుకున్నారంతే. ‘నాకు ఆరు గంటలు చాలు’ అనే అభ్యర్థి తన మాక్‌ టెస్ట్‌ మార్కులు ఎందుకు పడిపోతున్నాయో పుస్తకాల్లో వెతుక్కుంటాడు.

వయోజనులకు నిద్ర ఏడు గంటలకు తగ్గకూడదని అమెరికా నిద్ర వైద్యుల సంఘాలు 2015లో తేల్చాయి. గంటలు మరీ పెరిగినా జబ్బులు ఎక్కువగానే కనిపిస్తున్నాయి. అయితే చాలాసార్లు లోపల దాగిన రోగమే ఆ అతినిద్రకు కారణం కావచ్చు. సరిపడా పడుకున్నా పగలంతా తూగుతూ, రాత్రి ఊపిరి ఆగి ఆగి గురకపెడుతుంటే డాక్టర్‌కు చూపించుకోవాలి.

ఎల్బీనగర్‌ చౌరస్తా మీదుగా రాత్రి విజయవాడ బస్సులు నడిపే డ్రైవర్లది వేరే కష్టం. పగలు పడుకున్నా ఒంటిలోని గడియారం ఒప్పుకోదు. ఆ గడియారం గుట్టు విప్పినందుకే 2017లో ముగ్గురికి నోబెల్‌ వచ్చింది. రాత్రి షిఫ్టు బహుశా క్యాన్సర్‌ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్‌ విభాగం 2007లోనే చెప్పింది. వీళ్లకు బుద్ధులు చెప్పి లాభం లేదు, చీకటిగా, చల్లగా ఉండే విశ్రాంతి గది కావాలి. అది యజమానుల బాధ్యత.

హాస్టల్‌ పిల్లలకు మాత్రం ఇంకా సమయం ఉంది. ఆరోగ్యవంతులైన యువతను ఒక రాత్రంతా మేల్కొల్పి స్కానింగ్‌ తీస్తే మెదడు వయసు ఒకటి రెండేళ్లు పెరిగినట్టు కనిపించిందని 2023లో జర్నల్‌ ఆఫ్‌ న్యూరోసైన్స్‌లో వచ్చింది. మర్నాడు రాత్రి వాళ్లను కమ్మగా పడుకోనిచ్చి మళ్లీ చూశారు. మెదడు వయసు మామూలుకు వచ్చేసింది.