పాత ఇంజనుకు ధర కట్టుట ఎట్లు?

హైదరాబాదు పాతబస్తీ వైపు, పురానాపూల్ దగ్గర జుమ్మేరాత్ బజారు కలదు. జుమ్మేరాత్ అనగా ఉర్దూలో గురువారము. ఆ దినమున అచ్చట పాత సామానుల సంత జరుగును. పాత కుర్చీని కొనువాడు దానిపై కూర్చుండి చూచును. పాత గడియారమును చెవి యొద్ద పెట్టుకొని వినును. మరి పాత కారు ఇంజనును కొనువాడు ఏమి చేయును? పైపైన తుడిచి నిగనిగలాడునట్లు చేసిన ఇంజను లోపల ఎంత అరిగినదో కంటికి కనబడదు. టాక్సీ నడుపుకొనువాడు కూడబెట్టిన సొమ్మంతయు దానికి పోసిన పిదప, అది నెల తిరుగకుండ మొండికేసినచో అతని బ్రతుకుతెరువే నిలిచిపోవును.

ఒక చిన్న లెక్క వేసి చూతము. మంచి ఇంజను 40,000 రూపాయలు, చెడ్డది 10,000 రూపాయలు చేయుననుకొందము. బజారులో రెండు రకములును సగము సగముగా ఉన్నవి. ఏది మంచిదో తెలియనివాడు సగటు ధరయగు 25,000 కంటె ఎక్కువ ఇయ్యడు. ఆ ధరకు మంచి ఇంజను గలవాడు అమ్మడు. ఇక మిగిలినవి చెడ్డవే గనుక ధర 10,000కు దిగును. అమెరికా ఆర్థికశాస్త్రవేత్త జార్జి అకర్లాఫ్ 1970లో పాత కార్ల బజారునే ఉదాహరణగా తీసికొని ఈ విషయమును వివరించెను. 2001లో మరి ఇద్దరితో పాటు ఆయనకు అర్థశాస్త్రములో నోబెల్ బహుమానము లభించినది.

దీనికి విరుగుడు కొలత. సైకిలు పంపు మూతిని వ్రేలితో మూసి నొక్కినచో లోపలి గాలి వ్రేలిని గట్టిగా తోయును. పంపులోని వాషరు అరిగినచో ఆ తోపు తగ్గును. ఇంజను సిలిండరును ఇట్టిదే. స్పార్కు ప్లగ్గులను తీసి, పెట్రోలు రాకుండ ఆపి, ప్లగ్గు రంధ్రములో పీడనమాపకమును బిగించి, స్టార్టరుతో ఇంజనును త్రిప్పవలెను. ఆరోగ్యముగా ఉన్న పెట్రోలు ఇంజనులో సాధారణముగ చదరపు సెంటీమీటరుకు 10 మొదలు 13 కిలోగ్రాముల పీడనము కనబడును. నాలుగు సిలిండర్లలో వరుసగా 12, 12, 11.5, 7 వచ్చినవనుకొనుడు. నాలుగవ దానిలో లోపమున్నది. అందులో చెంచాడు ఇంజను ఆయిలు పోసి మరల కొలువుడు. పీడనము పెరిగినచో పిస్టన్ రింగులు అరిగినవి. పెరుగనిచో వాల్వులు సరిగా మూసికొనుట లేదని అనుమానింపవచ్చును.

లోపమేదో తెలిసినది గనుక బాగుచేయుటకు 12,000 రూపాయలు పట్టునని మేస్త్రీ చెప్పగలడు. అప్పుడు ఆ ఇంజను వెల 28,000. లోపమున్న ఇంజనుకే తుక్కు ధర తప్పినది. మంచి ఇంజనుకు పూర్తి ధరయే పలుకును.

అయితే ఈ పరీక్ష బేరింగుల అరుగుదలను తెలుపదు. అందుకు ఆయిలు పీడనమును చూడవలెను. ఆయిలులో లోహపు రజను ఉన్నదేమో పరికింపవలెను. ఇంజను నంబరును కాగితములతో సరిపోల్చుటయు మరువరాదు.

మాట మీద నమ్మకము లేనిచోట కొలతయే నమ్మకమును కలిగించును. విద్యార్థులారా! ప్రయోగశాలలో మీరు నేర్చు కొలత బజారులో న్యాయమునకును ఆధారమగును.