మందు - మత్తు

తెలుగులో ‘మందు’ అనే మాట చిత్రమైనది. వైద్యుడు ఇచ్చేది మందు. తాగి తూలేవాడు తాగింది మందు. పత్తిచేనుపై పిచికారీ చేసేదీ మందే. రోగం కుదిర్చేదానికీ, మత్తెక్కించేదానికీ, ప్రాణం తీయగలదానికీ జనవ్యవహారం ఒకే పేరు పెట్టింది. ఇది భాషాదారిద్ర్యం కాదు. మెదడుపై పనిచేసే పదార్థాల చరిత్రను పరిశీలిస్తే, ఈ మూడింటి మధ్య హద్దులు ఎంత పలుచనివో తెలుస్తుంది.

పూర్వపు కరీంనగర్ జిల్లాలోని హుస్నాబాద్ ప్రాంతంలో చేలగట్ల మీద, పాడుబడిన గోడల పక్కన ఉమ్మెత్త మొలుస్తుంది. బూరవంటి తెల్లని పువ్వు, ముళ్లకాయ దాని గుర్తులు. సంస్కృతంలోని ‘ఉన్మత్త’ శబ్దమే తెలుగులో ‘ఉమ్మెత్త’ అయింది. పిచ్చివాడు అనే అర్థమున్న మాట ఒక మొక్కకు పేరు కావడానికి కారణం ఉంది. దాని గింజలు కడుపులోకి పోయినవారికి నోరు ఎండిపోతుంది, కనుపాపలు విచ్చుకొంటాయి, ఒళ్లు కాలిపోతుంది. లేని మనుషులతో మాట్లాడతారు, గాలిలో లేని దారాలను ఏరుతుంటారు. బతికి బయటపడినవారికి ఆ గంటలు జ్ఞాపకముండవు. బయటపడనివారూ ఉన్నారు.

ఇది ఎలా జరుగుతుందో తెలియాలంటే మెదడు పనితీరు కొంత తెలియాలి. మానవుని మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలు ఉంటాయి. ఒక కణానికీ మరొక కణానికీ మధ్య అతి సూక్ష్మమైన ఎడం ఉంటుంది. ఆ ఎడం దాటి వార్తను మోసేవి కొన్ని రసాయనాలు. అసిటైల్ కోలిన్, సెరటోనిన్, గాబా అనేవి వాటిలో ముఖ్యమైనవి. వార్తను అందుకొనే కణంపై గ్రాహకాలు ఉంటాయి. రసాయనం తాళంచెవి అయితే గ్రాహకం తాళం. ఉమ్మెత్తలోని అట్రోపిన్, స్కోపొలమిన్ అనే పదార్థాలు అసిటైల్ కోలిన్ తాళాలలో దూరి, వాటిని తెరవకుండా అడ్డుపడతాయి. స్మృతికీ, ఎరుకకూ సంబంధించిన వార్తలు నిలిచిపోతాయి.

విచిత్రమేమంటే పురుగుమందు విషానికి విరుగుడుగా ఆసుపత్రిలో ఎక్కించేది ఈ అట్రోపిన్‌నే. పత్తికి కొట్టే కొన్ని మందులు శరీరంలో అసిటైల్ కోలిన్ విరగకుండా చేసి, దానిని ప్రమాదకరంగా పెంచుతాయి. అట్రోపిన్ ఆ ఉద్ధృతిని అడ్డుకొంటుంది. మోతాదు మించితే మాత్రం రోగి ఉమ్మెత్త తిన్నవానివలె పలవరిస్తాడు. తెలంగాణలో పత్తిరైతుల ప్రాణాలను ఎన్నింటినో నిలిపిన ఔషధం, ఊరి గట్టుమీది విషం వేరు వేరు కావు.

భ్రాంతి కలిగించే పదార్థాలన్నీ ఒక్క తీరుగా పనిచేయవు. తాడును చూసి పామనుకోవడం ఒకటి. తాడే లేనిచోట పామును చూడడం మరొకటి. ఉమ్మెత్త కలిగించేది రెండవది. సైకెడెలిక్కులని పిలిచే ఎల్.ఎస్.డి., సైలోసైబిన్ వంటివి ఎక్కువగా మొదటి తరహావి. ఉన్న వస్తువులే వంకరలు తిరుగుతాయి, రంగులు ముదురుతాయి, కాలం సాగిపోతుంది. ఇది మందు ప్రభావమేనన్న ఎరుక తరచుగా మిగిలే ఉంటుంది.

ఎల్.ఎస్.డి.ని స్విట్జర్లాండులోని బాసెల్ నగరంలో, సాండోజ్ సంస్థలో పనిచేసిన ఆల్బర్ట్ హాఫ్‌మన్ 1938లో తయారుచేశాడు. దాని మహిమ అయిదేళ్ల తరువాత గాని బయటపడలేదు. 1943 ఏప్రిల్ 19న ఆయన గ్రాములో నాలుగువేలవ వంతు స్వయంగా పుచ్చుకొన్నాడు. అది చాలా తక్కువ అని ఆయన భావించాడు గాని, నిజానికి అది పెద్ద మోతాదు. యుద్ధకాలం కావడంతో సైకిలుపై ఇల్లు చేరాడు. పాలు తెచ్చి ఇచ్చిన పొరుగింటి స్త్రీ ఆయనకు మంత్రగత్తెగా కనిపించింది. పరీక్షించిన వైద్యునికి విచ్చుకొన్న కనుపాపలు తప్ప మరే వికారమూ కనబడలేదు. పుట్టగొడుగులలోని సైలోసైబిన్‌ను 1958లో వేరుచేసిందీ ఆయనే.

ఈ పదార్థాల నిర్మాణం సెరటోనిన్‌ను పోలి ఉంటుంది. అందువల్ల దాని తాళాలను ఇవి తెరుస్తాయి. ఎల్.ఎస్.డి. అణువు గ్రాహకంలో చేరగానే పైన మూతవంటి భాగం దానిని కప్పి పట్టి ఉంచుతుందని 2017లో శాస్త్రజ్ఞులు చూపారు. దాని ప్రభావం గంటల తరబడి వదలకపోవడానికి ఇదొక కారణం. మరొక అంశం మనోవైద్యులను ఆకర్షించింది. మనిషి తన గురించి తాను తలపోసుకొనే వేళ మెదడులో కొన్ని భాగాలు కూడబలుక్కొని పనిచేస్తాయి. కుంగుబాటు రోగిలో ఆలోచన గానుగెద్దులా చేసిన తప్పుల చుట్టూ, జరిగిన నష్టాల చుట్టూ తిరుగుతూనే ఉంటుంది. సైలోసైబిన్ ఈ కూడిక పట్టును కొంతసేపు సడలిస్తుందని మెదడు చిత్రాలు సూచించాయి.

1950లలో మొదలైన ఇటువంటి పరిశోధన, ఆ తరువాతి దశాబ్దంలో మందు వీధికెక్కడంతో ఆగిపోయింది. 1971లో ఐక్యరాజ్యసమితి ఒడంబడిక, మన దేశంలో 1985 నాటి చట్టం వీటిని నిషిద్ధాలలో చేర్చాయి. ఈ శతాబ్దిలో పరిశోధన మళ్లీ చిగిర్చింది. ఇతర మందులకు లొంగని కుంగుబాటుతో బాధపడే 233 మందిపై జరిగిన అధ్యయనం 2022లో వెలువడింది. సైలోసైబిన్ 25 మిల్లీగ్రాములు ఒక్కసారి పుచ్చుకొన్నవారిలో మూడు వారాలకు నూటికి 37 మందికి చెప్పుకోదగిన ఉపశమనం కలిగింది. నామమాత్రంగా ఒక మిల్లీగ్రాము పుచ్చుకొన్నవారిలో అది 18 మందికే. పన్నెండు వారాలు నిలిచిన మేలు మాత్రం నూటికి 20 మందికే దక్కింది. కొందరిలో ఆత్మహత్య తలపులూ కనిపించాయి. ఈ లెక్కలను చూసి అద్భుతమనడం తొందరపాటు, పనికిరాదనడమూ తొందరపాటే. రోగి పక్కన శిక్షణ పొందిన సహాయకులు కూర్చుని చేసిన చికిత్స ఇది. వంశంలో ఉన్మాద వ్యాధి ఉన్నవారిని ఇటువంటి పరీక్షలకు సాధారణంగా చేర్చుకోరు. 2023 జులై నుంచి ఆస్ట్రేలియాలో, అనుమతి పొందిన మనోవైద్యులు మాత్రమే సైలోసైబిన్‌ను రాసి ఇవ్వగలుగుతున్నారు.

వీధిలోని మత్తు ఆసుపత్రికి చేరే ప్రయత్నం ఇది. తెలంగాణ పల్లెలు దీనికి తలకిందులైన కథను చూశాయి. ఆల్ప్రజోలం ఆందోళనకు మనోవైద్యుడు రాసి ఇచ్చే మందు. మిల్లీగ్రాములో పావువంతు, అరవంతు చొప్పున ఇస్తారు. తాళ్లు, ఈదులు తగ్గి గిరాకీ పెరిగినచోట కొందరు వ్యాపారులు నీళ్లలో ఈ పొడినీ, డయాజిపామ్‌నూ, క్లోరల్ హైడ్రేటునూ కలిపి కల్లుగా అమ్మారు. చెట్టెక్కి కల్లు దింపే గీతకార్మికుని శ్రమకూ ఈ నీళ్లకూ సంబంధం లేదు.

మెదడు వేగానికి కళ్లెం వేసే రసాయనం గాబా. ఆల్ప్రజోలం ఆ కళ్లేన్ని మరింత బిగిస్తుంది. ఏళ్ల తరబడి ఇదే సాగితే మెదడు దానికి అలవాటుపడి సొంత పట్టు వదులుకొంటుంది. అప్పుడు మందు హఠాత్తుగా ఆగితే గుర్రం కట్టు తెంచుకొంటుంది. 2015 సెప్టెంబరులో కల్తీ కల్లుపై దాడులు ముమ్మరం కాగానే నిజామాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాల ఆసుపత్రులకు జనం బారులు తీరారు. చేతులు వణికాయి, నిద్ర కరవైంది, మూర్ఛలు వచ్చాయి. ఎవరో పిలుస్తున్నారని కొందరు వీధుల్లోకి పరుగెత్తారు. వారిలో అధికులు కూలినాలి చేసుకొనేవారు. తాము తాగింది మనోవైద్యుని మందని వారికి తెలియదు. 2020లో లాక్‌డౌన్ వల్ల దుకాణాలు మూతపడినప్పుడు హైదరాబాదులోని ఎర్రగడ్డ మానసిక వైద్యాలయం ముందు అదే దృశ్యం కనిపించింది.

ఇటువంటి రోగులకు వైద్యులు ముందుగా ఇచ్చేది ఆ జాతి మందునే. లెక్క ప్రకారం ఇచ్చి, రోజురోజుకూ కొంచెం కొంచెంగా తగ్గిస్తూ, కొన్ని వారాలకు పూర్తిగా మానిపిస్తారు.