చెన్నపట్టణపు ప్రదర్శనశాలలు



చెన్నపట్టణమునకు పోయిన మన స్త్రీలు సముద్రమును జూతురు, దేవాలయములను సేవింతురు, చీరలు కొని తెత్తురు. ఎగుమూరులోని మ్యూజియమును గూడ జూడుడన్నచో, పాతరాళ్లను జూచుటకు కాళ్లరుగ దిరుగుటెందులకని పెదవి విఱుతురు. పూర్వ మాపట్టణపు సామాన్యజనులు జంతుశాలను "ఉయిర్ కాలేజీ" యనియు, మ్యూజియమును "సెత్త కాలేజీ" యనియు బిలిచెడివారు. అఱవమున మొదటిది బ్రదికినది, రెండవది చచ్చినది. ఈ రెండవ పేరు తగదని మా యభిప్రాయము.

మా ఐరాల ప్రాంతమువారు ముందుగా చంద్రగిరిని జూచుట మేలు. వేంకటపతిరాయల కాలమున నది విజయనగర ప్రభువుల రాజధాని. కొయ్య వాడక, రాయి, ఇటుక, సున్నములతో గట్టిన మూడంతస్తుల రాజమహలులో నిపుడు పురావస్తుశాఖవారి ప్రదర్శనశాల కలదు. ఆ రాయల వంశమునకు లోబడిన దామెర్ల వేంకటాద్రి నాయకుడే 1639వ సంవత్సరమున సముద్రతీరపు నేలను ఆంగ్లవర్తకులకిచ్చెను. ఆ నేలమీద లేచినదే సెంటు జార్జి కోట. దానిని జుట్టుకొని పెరిగినదే చెన్నపట్టణము.

చిత్తూరు చేరి, కాట్పాడిమీదుగా రైలుబండిలో నచటికి పోవచ్చును. ఎగుమూరు మ్యూజియము 1851లో నేర్పడినది. చోళులనాటి కంచువిగ్రహము లిందు ప్రసిద్ధములు. వడక్కుపనైయూరున దొరకిన సీతారామలక్ష్మణుల మూర్తులను, తిరువెంగాటి యర్ధనారీశ్వరమూర్తిని దప్పక చూడవలెను. కాని తెలుగువారి యాడుపడుచులు ముఖ్యముగా నిలువవలసినది అమరావతి శిల్పములయెదుట.

కృష్ణాతీరమున నున్న యా బౌద్ధస్తూపపు దిబ్బను 18వ శతాబ్దాంతమున పట్టణనిర్మాణమునకై త్రవ్విరి. పలకలు పెక్కులు కట్టడములలో గలిసెను. కొన్ని సున్నపుబట్టీల పాలయ్యెను. 1845లో వాల్టరు ఎల్లియటు దొర త్రవ్వించి తీసినవి చెన్నపట్టణము చేరెను. వానిలో పెక్కింటిని తరువాత లండనునకు బంపిరి. అవి నేటికిని బ్రిటిషు మ్యూజియములో నున్నవి. మిగిలినవాటి మధ్యనే మనము నిలిచియుందుము.

ఆ పలకలమీద ప్రాకృతభాషలో దాతల పేర్లున్నవి. వారందఱు రాజులు కారు. గృహిణులు, భిక్షుణులు, కూతుండ్రతో గూడిన తల్లులు తమ తమ పేర్లు చెక్కించుకొనిరి. విధికుడను చర్మకారుడు తల్లితోను, భార్యతోను, సోదరులతోను, బిడ్డలతోను గూడి పూర్ణకుంభముగల పలకను కానుక యిచ్చెనని యొక శాసనము చెప్పుచున్నది. మనము శుభకార్యములందు ద్వారముకడ నుంచు కలశమే యది. ఆంధ్రప్రదేశపు రాజ్యచిహ్నమునను గలదు. పెండ్లిలో నిచ్చు పాత్రలమీద ఇచ్చినవారి పేరు చెక్కించు వాడుక మన యిండ్లలో నున్నదిగదా! రెండువేల యేండ్లకు సమీపమైన యా పేర్లును అట్టివే. వానిని జచ్చినవందుమా?

ఎగుమూరు చూచినపిమ్మట కోటలోని ప్రదర్శనశాలకు బోవలెను. అది 1948లో తెఱవబడినది. దొరల చిత్తరువులు, ఆయుధములు, నాణెములు, పింగాణి పాత్రలు నిందున్నవి. 1947 ఆగస్టు 15వ తేదీన ఆ కోటమీద నెగిరిన త్రివర్ణపతాకము నిచటనే భద్రపఱిచిరి. కోటకు నేల నిచ్చిన సంగతి చంద్రగిరిలో దలచుకొని, కోటమీద నెగిరిన జెండా నిచట గన్నుల జూచినచో, మూడువందల యేండ్ల చరిత్ర పిల్లలకు పుస్తకము లేకయే తెలియును.

శుక్రవారమునాడు ఈ రెండు శాలలును మూసియుండును. మనకది పూజాదినము గనుక నష్టము లేదు. ఒక్కపూటలో నన్నియు జూడవలెనని పరుగులిడక, పది వస్తువులను నిదానముగా జూచి, ప్రక్కనున్న చీటీలను జదివి, పిల్లలచేత జదివింపవలెను.

ఇంకొక మాట. అమరావతి పలకలను బట్టీలో వేసినవారు వానిని వట్టి రాళ్లనుకొనిరి. మన యటుకలమీది తాళపత్రములను, అవ్వల పేర్లున్న యిత్తడి బిందెలను మనమును అట్లే పాతసామానుల వానికి తూచి యిచ్చుచున్నాము. ఇచ్చుటకు ముందు వానిమీది పేరు చదువుడు. ఆమె యెవరో, ఏయూరినుండి కోడలై వచ్చినదో పెద్దలనడిగి వ్రాసి యుంచుడు. ఆ బిందెను మాత్రము అమ్మకుడు.