చేతులు కరచు కుక్కపిల్ల

మా కలిదిండి ప్రాంతమున చేపల చెరువుల గట్లపై కావలికై పెద్దజాతి కుక్కలను పెంచువారు పెక్కురు గలరు. అట్టి యొక గట్టునుండియే రెండు నెలల ఆల్సేషియను జాతి పిల్ల మా యింటికి వచ్చెను. వచ్చిననాడు ఒడిలో నొదిగి నిదురించిన యా పిల్లయే, నెల తిరుగునప్పటికి మా చీర చెరగులను, పిల్లల వ్రేళ్లను పట్టి కరవసాగెను. ఒకనాడు మా చిన్నదాని ముంజేత నెత్తురు చిమ్మెను. గాయమును కడిగి వైద్యునకు చూపించి వచ్చి, మేము కోపము పట్టజాలక విసనకర్ర కాడతో దానిని కొట్టితిమి. అది కరచుట మానలేదు సరికదా, అన్నము పెట్టబోయిన మా చేతిని చూచి గుర్రుమనసాగెను. "మరల గట్టునకే పంపివేయుదము" అని మావారనిరి. ఆ మాట విని చిన్నది ఆ పూట అన్నము ముట్టలేదు.

ఆ రాత్రి మాకు సరమ కథ స్ఫురించెను. తప్పు చేయని తన బిడ్డను జనమేజయుని తమ్ములు కొట్టగా, దేవశుని యైన సరమ రాజు నెదుట నిలిచి యడిగిన వృత్తాంతమును నన్నయభట్టు ఆదిపర్వమున చెప్పియున్నాడు. ఆ కవి నాదరించిన రాజరాజనరేంద్రుని తామ్రశాసన మొకటి మా కలిదిండి పేరనే ప్రసిద్ధము. కావున నది మా యూరి కథవలెనే తోచి మమ్ము నిలదీసెను. కుక్కపిల్ల తప్పేమి? దానికి చేతులు లేవు; లోకమును నోటితోనే పట్టి చూచును. దాని పాలపండ్లు 28. నాలుగవ నెల మొదలు ఆరేడు నెలల లోపల నవి రాలి 42 గట్టి పండ్లు వచ్చును. అంతవరకు చిగుళ్ల సలుపు తప్పదు. తోడిపిల్లను గట్టిగా కరచినచో అది కీచుమని యాట మానును. ఆ పాఠము చెప్పు తోబుట్టువులు మన యింట లేరు గనుక మనమే చెప్పవలయును.

మేమవలంబించిన పద్ధతి యిది. పిల్ల కరచినంతనే చేయి విదల్చరాదు; విదల్చిన నది యాటయని తలచి మరింత పట్టును. చేయి కదల్పక, "వద్దు" అని యొక్క మాట చెప్పి, లేచి అరనిమిషము మొగము త్రిప్పుకొనవలయును. ఇంటిల్లిపాదియు నిట్లే చేయవలయును. ఒకరు మందలించి యొకరు చేతితో నాడించినచో ఫలము లేదు. కొరుకుటకు పాతగుడ్డను ముడులు వేసి, తడిపి చల్లార్చి యిచ్చితిమి. పోగులు మ్రింగకుండ కనిపెట్టితిమి. వండిన యెముకలు చీలి గొంతున గ్రుచ్చుకొనును గాన ఈయరాదు. అన్నము కొంత అరచేతినుండియే పెట్టితిమి. చేయి కొట్టునది కాదు, పెట్టునది యని దానికి తెలియవలయును గదా! నిద్ర చాలని పిల్ల యెక్కువగా కరచును గాన మధ్యాహ్నము దానిని కదల్పలేదు. పిల్లలకు పరుగెత్తక, కేకలు వేయక, చెట్టువలె నిలుచుట నేర్పితిమి. పసివారిని కుక్కతో నొంటిగా విడువనే రాదు.

ఆటలోనైనను పంటిగాటు పడినచో, కారము సున్నము పూయక, సబ్బుతో పారునీట 15 నిమిషములు కడిగి, వెంటనే వైద్యుని చూడవలయును. రేబీసు లక్షణములు పొడసూపిన పిమ్మట దాదాపు మందు లేదు. కుక్కపిల్లకును మూడవ నెలలో పశువైద్యునిచే రేబీసు టీకా వేయించి, ఆయన చెప్పిన గడువున మరల వేయింపవలయును.

ఈ జాతి మగకుక్క పెరిగి 30 మొదలు 40 కిలోలు తూగును; మెత్తని నోరు చిన్ననాడే నేర్పవలయును. మా పిల్ల కరచుట రెండు నెలలలో మానినది. ఇప్పుడు చిన్నదాని అరచేతినుండి మెతుకు మెతుకుగా నాకి తినును. కాని వేసవిలో మేము విసనకర్ర చేతబట్టినచో నేటికిని లేచి యవతలకు పోవును. దాని కరపు మాన్పుటకంటె మా దెబ్బ మరపించుటకే యెక్కువ కాలము పట్టుచున్నది.