పెళ్ళికూతురి ప్రైమర్ ముందు మోచేతికి రాయాలి

పెళ్ళిళ్ళ రోజులు వచ్చాయంటే మా ఓ.పి.కి ముఖం వాచిన అమ్మాయిలు కూడా వస్తారు. అలా వచ్చిన ఒకమ్మాయికి నాలుగు రోజుల్లో పెళ్ళి. ముందురోజు ట్రయల్ మేకప్‌లో కొత్త ప్రైమర్ రాశారట. తెల్లవారేసరికి చెక్కిళ్ళు ఎర్రబడి, కనురెప్పలు ఉబ్బి, ఒకటే దురద. “సిస్టరుగారూ, అందులో సిలికాన్ ఉందంట కదండీ, అదే చేసిందా?” అని వాళ్ళమ్మగారు కంగారుగా అడిగారు.

అది కాకపోవచ్చని చెప్పాము. ప్రైమర్ అంటే ఫౌండేషన్‌కు ముందు రాసే పూత. చాలా వాటిలో ఆ నునుపు డైమెథికోన్ అనే సిలికాన్ వల్లనే వస్తుంది. అది చర్మంలోకి ఇంకదు, పైన పొరలా నిలుస్తుంది. పసిపిల్లల న్యాపీ దద్దుర్లకు రాసే కొన్ని క్రీముల్లోనూ ఉంటుంది. దానితో ఎలర్జీ చాలా అరుదు. మన కోనసీమ ఉక్కలో రాత్రి కడగకుండా పడుకుంటే మొటిమలు రావచ్చు, అంతే.

మేము ముందుగా అనుమానించేది సువాసనను. లేబుల్ మీద ఫ్రాగ్రెన్స్ అని ఒక్క మాటే ఉంటుంది గాని దాని వెనుక ఎన్నో రసాయనాలు ఉండవచ్చు. తరువాతివి సరుకు పాడవకుండా కలిపేవి. వాటిలో మిథైల్ ఐసోథయజోలినోన్‌ను, ముఖానికి రాసి వదిలేసే క్రీముల్లో వాడరాదని ఐరోపా సమాఖ్య 2017లో నిషేధించింది. ఆ పేరు నోరు తిరగదు, ట్యూబు తెస్తే మేమే చదివి చెబుతాము. ‘పారాబెన్ లేనిది’ అని అట్టమీద పెద్దక్షరాలతో వేస్తారు గాని, అమెరికా కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ 2019లో పారాబెన్లను ఆ యేటి ‘ఎలర్జీ చేయనివి’గా ఎంచింది!

లేబుల్‌లో ఎక్కువ పాళ్ళలో ఉన్నవి ముందు, ఒక శాతం లోపువి చివర వస్తాయి. ఆ అమ్మాయి ట్యూబు మీద ఫ్రాగ్రెన్స్ చివరి వరుసలోనే ఉంది. చివర ఉంది కదా అని ధైర్యపడకండి, ఎలర్జీకి రవ్వంత చాలు.

అందుకే పెళ్ళికి పది రోజుల ముందే ట్యూబు తెప్పించుకోండి. మోచేతి లోపలివైపు రూపాయి బిళ్ళంత చోట, రోజుకు రెండుసార్లు, ఏడు రోజులు రాయండి. దురదగాని ఎరుపుగాని వస్తే మానేయండి. బ్యూటీషియన్ గారు తెచ్చేదయినా సరే, కొంచెం ముందుగా ఇమ్మని అడగడానికి మొహమాటపడవద్దు.

ముఖం వాచితే చన్నీళ్ళతో కడిగి డాక్టరుకు చూపించండి. స్టిరాయిడ్ క్రీము సొంతంగా కొని రాయకండి. పెదవులు, నాలుక వాచినా, ఊపిరి ఆడకపోయినా క్షణం ఆగకుండా ఆసుపత్రికి రావాలి.

డాక్టరుగారి మందుతో ఆ అమ్మాయికి వాపు దిగింది. ప్రైమర్, ఫౌండేషన్ లేకుండానే పెళ్ళి జరిగింది.