పండగ మారితే... లెక్క మారుతుంది!

మండువేసవిలో హనుమాన్‌ జంక్షన్‌ కూడలిలో నిల్చుంటే... నూజివీడు రోడ్డు నుంచి మామిడికాయల లారీలు వస్తూనే ఉంటాయి. డిసెంబరులో చూస్తే ఒక్కటీ కనిపించదు. అంతమాత్రాన 'మామిడి వ్యాపారం కుప్పకూలింది' అంటామా? సీజన్‌ కాదంటాం. దేశం ఎగుమతుల దగ్గరికొచ్చేసరికి మాత్రం ఈ చిన్న సంగతే మర్చిపోతుంటాం!

కేంద్ర వాణిజ్యశాఖ నెలనెలా లెక్కలు విడుదల చేస్తుంది. సీజన్ల తేడా రాకుండా నిరుడు ఇదే నెలతో పోల్చి చెబుతారు. బాగానే ఉంది... మరి పండగ తేదీ మారితే?

2025 అక్టోబరులో సరుకుల ఎగుమతులు ముందటేడాదికన్నా దాదాపు 12 శాతం తగ్గాయన్నారు. మన రొయ్యలకు పెద్ద మార్కెట్‌ అయిన అమెరికా అంతకుముందు ఆగస్టులోనే అదనపు సుంకాన్ని 50 శాతానికి పెంచింది. కృష్ణా డెల్టా రైతుల గుండెలు జారిపోయే వార్తే! కానీ నెల తిరిగేసరికి, నవంబరు ఎగుమతులు 19 శాతం పెరిగాయన్నారు.

ఏమిటీ మాయ? 2024లో దీపావళి అక్టోబరు 31న వస్తే, 2025లో 20నే వచ్చింది. సెలవుల్లో ఫ్యాక్టరీలూ రవాణా నెమ్మదిస్తాయి. ఆ ప్రభావం ఒక ఏడాది నవంబరు మీద పడితే, మరుసటేడు అక్టోబరు మీద పడింది. రెండు నెలలూ కలిపి చూడండి... అప్పట్లో ప్రకటించిన అంకెల ప్రకారం 2024లో 7,092 కోట్ల డాలర్లు, 2025లో 7,251 కోట్ల డాలర్లు. అంటే పెరిగింది 2 శాతం చిల్లరే! సుంకాల దెబ్బ లేదని కాదు, పండగ దానితో కలిసిపోయి అంకెను మరింత ఊపేసింది.

ఏళ్లతరబడి లెక్కలు చూసి, ఏ నెలలో మామూలుగా ఎంత హెచ్చుతగ్గులుంటాయో ఆ మేరకు సరిచేయడమే 'సీజన్‌ సర్దుబాటు'. అమెరికా సెన్సస్‌ బ్యూరో అసలు అంకెల్నీ, సర్దిన అంకెల్నీ కూడా ఇస్తుంది. ఏటా జనవరి 14నో 15నో వచ్చే సంక్రాంతితో చిక్కులేదు. తిథిని బట్టి నెలలు మారే దీపావళిని మాత్రం ప్రత్యేకంగా లెక్కలోకి తీసుకోవాలి.

తొలి అంకె తర్వాత మారవచ్చు కూడా. 2024 నవంబరు బంగారం దిగుమతులు 1,486 కోట్ల డాలర్లని మొదట ప్రకటించి, తర్వాత 984 కోట్లకు సవరించారు!

కాబట్టి ఒక్క నెల అంకె విని, రొయ్య కౌంటుకు రాకముందే కంగారుగా చెరువు పట్టేస్తే నష్టపోయేది రైతే. రెండు మూడు నెలలు కలిపి చూడాలి, పండగ ఎప్పుడొచ్చిందో అడగాలి. ఒక్క పట్టుబడితో ఏడాది లాభనష్టాలు తేల్చం కదా... దేశం లెక్కా అంతే!